అందినట్టు సంతకం

1898 నాటి తపాలా చట్టంలో ఆరో సెక్షను నాకు కంఠస్థం. టపాలో వేసిన వస్తువు పోయినా, వేరొకరి చేతికి వెళ్ళినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత లేదు. తాను స్పష్టంగా ఒప్పుకున్న మేరకే పూచీ. తపాలా ఉద్యోగి కూడా మోసంతోనో, కావాలనో చేస్తే తప్ప జవాబుదారీ కాడు. ద్రాక్షారామంలో కూర్చుని పాత తెలుగు పుస్తకాలు, పాత తపాలా కవర్లు ఆన్‌లైన్ వేలంలో అమ్ముకునేవాడిని నేను. ఈ సెక్షను చదివినప్పుడల్లా నాకు పట్టుకునే ఆలోచన ఒక్కటే. పోయిన మూటకు పూచీ పడనని చట్టమే చెబుతుంటే, మద్రాసులో ఉన్న పుస్తకాల కొట్టుకూ, గోదావరి లంకలో ఉన్న రైతుకూ మధ్య నూరేళ్ళ పైచిలుకు వ్యాపారం ఎలా నడిచింది? ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు. అయినా కట్టలు వెళ్ళాయి, డబ్బులు వచ్చాయి.

ఈ ప్రశ్న నాకు ఊసుపోక పుట్టింది కాదు. హైదరాబాదులో ఉండే ఒక రిటైర్డు లెక్చరరుగారు నా దగ్గర ‘భారతి’ పాత సంచికల కట్ట ఒకటి వేలంలో పాడుకున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో మొదలుపెట్టిన పత్రిక అది. ముప్ఫైల నాటి సంచికలు అట్టలతో సహా దొరకడం కష్టం. ప్లాస్టిక్ కవరు, దాని మీద అట్ట, ఆపైన గోనెగుడ్డ చుట్టి ఒక కొరియర్లో పంపాను. ట్రాకింగులో ‘డెలివర్డ్’ అని పడింది. మర్నాడు ఆయన దగ్గర్నుంచి మెసేజి: “బాబూ, పుస్తకాలు ఇంకా అందలేదు. కొంచెం కనుక్కుంటారా?” నేను కొరియర్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఎవరు పుచ్చుకున్నారని అడిగాను. “సెల్ఫ్ అని ఉందండి” అన్నారు. సంతకం పంపమంటే, తెర మీద వేలితో గీసిన ఒక అడ్డగీత పంపారు. ఆయన అపార్టుమెంటులో వందల వాటాలు. ఆ గీత ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఈలోగా వేలం సైటువాళ్ళు నాకు రావలసిన సొమ్మును నిలిపేశారు.

అమ్మేవాళ్ళలో చాలామంది ఇక్కడే తొందరపడతారు. కొన్నవాడు అబద్ధమాడుతున్నాడని మనసులో తీర్పు ఇచ్చేసుకుని, ఆ తరవాత ఉత్తరం రాస్తారు. అబద్ధమాడేవాళ్ళు లేరని నేననను. కానీ నాకు ఎదురైన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మూట నిజంగానే దారి తప్పినవి. అసలు ఈ తగువు ఇద్దరి మధ్యా ఎందుకు పుడుతోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా ఊళ్ళో వెనక్కి వెళ్ళడానికి దారులు చాలానే ఉన్నాయి.

భీమేశ్వరస్వామి గుడిలో రాళ్ళ నిండా శాసనాలే. 1923లో అచ్చయిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో మా ఊరివి వందల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ అఖండ దీపాలకు ఇచ్చిన దానాలు. దాత ఎవరు, ఏ ఊరివాడు, ఏ శక సంవత్సరం, దీపం కోసం ఇచ్చిన గొర్రెలో ఆవులో ఎన్ని (చాలాచోట్ల యాభై అని ఉంటుంది), వాటిని ఒప్పుకున్న బోయ పేరేమిటి, అతను, అతని తరవాత అతని సంతానం రోజుకు ఎంత నెయ్యి తెచ్చి గుళ్ళో పొయ్యాలి. ఇవన్నీ భక్తికి గుర్తులని అందరికీ తెలుసు. నా వృత్తి వల్ల నాకు వాటిలో ఇంకొకటి కనబడుతుంది. ఇచ్చినవాడి పేరు ఎంత జాగ్రత్తగా చెక్కారో, పుచ్చుకున్నవాడి పేరు కూడా అంత జాగ్రత్తగా చెక్కారు. ఫలానా బోయకు అప్పగించామని రాయి చెబుతుంది. తొమ్మిది వందల ఏళ్ళ నాడు మా ఊళ్ళో ‘సెల్ఫ్’ అని రాసి వదిలెయ్యలేదు.

సరుకు మధ్యదారిలో పోతే నష్టం ఎవరిదన్న ప్రశ్నకు తెలుగునేల మీద దొరికే గొప్ప జవాబు మోటుపల్లిలో ఉంది. చీరాల దగ్గరి ఆ రేవులో కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, తుపాను దెబ్బకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా తమదేనని పట్టుకునేవారు. తాను అలా చెయ్యననీ, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వర్తకులకే వదిలేస్తాననీ గణపతిదేవుడు రాళ్ళకెక్కించాడు. సముద్రం మింగినదానికి రాజు పూచీ పడలేదు. అది ఎవరివల్లా కాదు. మింగగా మిగిలినదాన్ని మాత్రం సొంతదారుకే చేర్చాడు. దూరదేశపు వర్తకులు ఒక రేవును నమ్ముకోవాలంటే కనీసం ఆ మాత్రం కావాలని ఆయనకు తెలుసు.

ఆ తరవాత నాలుగు వందల ఏళ్ళకు మా ఊరి పేరే వ్యాపార చిట్టాల్లోకి ఎక్కింది. పదిహేడో శతాబ్దంలో డచ్చి కంపెనీవాళ్ళు గోదావరి డెల్టాలో పాలకొల్లులోనూ, ద్రాక్షారామంలోనూ గిడ్డంగులు పెట్టి సన్నబట్ట కొన్నారు. వాళ్ళ కాగితాల్లో మా ఊరు ‘దాట్జెరోమ్’. ఈ చుట్టుపక్కల పల్లెల్లో సాలెవాళ్ళు నేసిన బట్ట రేవుకు చేరి, ఓడెక్కి, బటావియాకూ అక్కణ్ణించి ఆమ్‌స్టర్‌డామ్‌కూ పోయేది. పద్ధతి ఇదీ: ముందు మాదిరి గుడ్డ చూపించి, బయానా ఇచ్చి, నేత అయ్యాక పోల్చి చూసి తీసుకోవడం. పొడవు తగ్గినా, నూలు ముతకైనా తిప్పికొట్టడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో మూట విప్పినవాడికి నచ్చకపోతే ఆ మాట ఇక్కడికి చేరడానికి ఏడాది పైనే పట్టేది. చేరాక దాని బరువు ఎవరి మీద పడేదంటే దళారి మీద, దళారి నుంచి మగ్గం మీద. బయానా తీసుకుని నేసిన బట్ట తిరిగొస్తే సాలెవాడికి మిగిలేది అప్పే. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఎంత దూరముంటే, అంతిమంగా నష్టం అంత చిన్నవాడి దగ్గరికి జారుతుందని మా ఊరి బట్టల చరిత్ర నాకు నేర్పింది. ఇవాళ ఇంట్లో కూర్చుని చీరలు, పచ్చళ్ళు, పాత నాణేలు అమ్ముకునేవాళ్ళ దగ్గరికి ‘అందలేదు’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు జరుగుతున్నదీ దాదాపు అదే.

పశ్చిమ తీరపు షావుకార్లు దీనికి ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. జోఖమీ హుండీ అంటారు. సరుకు ఓడెక్కించినవాడు హుండీ రాసి అమ్ముకుంటాడు. సరుకు క్షేమంగా రేవు చేరితేనే ఆ హుండీ చెల్లుతుంది. చేరకపోతే నష్టం హుండీ కొన్నవాడిది. అప్పూ భీమా రెండూ ఒక్క కాగితంలో ఇమిడిపోయాయి. ‘అందితేనే డబ్బు’ అన్న మాటను సర్కారు టపా ఎత్తుకోవడానికి చాలాముందే మన వర్తకులు ఎత్తుకున్నారు.

సర్కారు టపా దాన్ని ఎత్తుకున్నది 1877లో. వేల్యూ పేయబుల్ పోస్టు. మన పల్లెల్లో దాని పేరు వీపీ, వీపీపీ. ఆ మరుసటి ఏడే భీమా పార్శిళ్ళు వచ్చాయి, 1879లో పోస్టుకార్డు, 1880లో మనియార్డరు. ఒక అయిదేళ్ళ వ్యవధిలో మన దేశంలో దూరవ్యాపారానికి కావలసిన సరంజామా అంతా తపాలా కార్యాలయం గడపలోకి వచ్చేసింది. కార్డు మీద ఆర్డరు రాయి. వీపీలో సరుకు తెప్పించుకో. పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెట్టు. అది మనియార్డరై అమ్మినవాడికి చేరుతుంది. కొనేవాడికి బ్యాంకు ఖాతా అక్కర్లేదు, పట్నంలో తెలిసినవాళ్ళు అక్కర్లేదు.

తెలుగువాళ్ళు దీన్ని ఎంతగా వాడుకున్నారో నా అలమారాల్లో కాగితాలు చూస్తే తెలుస్తుంది. మద్రాసు వావిళ్లవారి జాబితాలు, రాజమండ్రి కొండపల్లి వీరవెంకయ్యగారి పుస్తకాల వెనకట్టలు, 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి ప్రకటనలు, అమృతాంజనం, కేసరి కుటీరంవారి లోధ్ర. పాత పత్రికల చివరి పేజీలు నేను వ్యాసాల కంటే ఎక్కువ శ్రద్ధగా చదువుతాను. వెల ఇంత, పోస్టేజి ప్రత్యేకం, వీపీలో పంపబడును. ఈ మాటలు లేకపోతే కోనసీమలో ఒక బడిపంతులు ఇంట్లో భారతం పద్దెనిమిది పర్వాలూ ఉండేవి కావు. గ్రంథాలయోద్యమం గురించి మనం చాలా రాసుకున్నాం, అది న్యాయమే. ఆ పుస్తకాలను భుజాన మోసి గడపగడపకూ చేర్చినవాడి గురించి రాసింది తక్కువ.

అతన్ని నేను దగ్గర్నుంచి చూశాను. మా మేనమామ కోటిపల్లి వైపు ఒక బ్రాంచి పోస్టాఫీసులో ఈడీగా చేసేవాడు. ఇప్పుడు గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన సైకిలు వెనక కూర్చుని నేనూ తిరిగేవాణ్ణి. ఒకసారి ఒక ఆసామి ఇంటికి వీపీ వచ్చింది, వాళ్ళ అబ్బాయి పేరున. మావయ్య అరుగు కింద నుంచునే పిలిచాడు.

“ఏవండీ, మీ అబ్బాయిగారి పేర వీపీ వచ్చిందండి. పదకొండు రూపాయల చిల్లర కట్టాలండి.”

“మావాడు మద్రాసు నుంచి ఏం తెప్పించాడయ్యా? విప్పి చూపించు.”

“ఆయ్, నేను విప్పకూడదండి. డబ్బు కట్టాక మీరు విప్పుకోవచ్చండి.”

“అక్కర్లేదు, తిప్పి పంపెయ్.”

ఆ మాట మీద ‘రెఫ్యూజ్డ్’ అని రాసేసి కట్ట వెనక్కి పంపొచ్చు. మావయ్య రాయలేదు. “పేరున్నది అబ్బాయిగారిదండి. ఆయన్ని అడగాలి కదండీ” అని నెమ్మదిగా చెప్పి, ఇంటిమేషను చీటీ రాసి ఇచ్చి వచ్చేశాడు. వీపీ కట్టను ఏడు రోజులు ఆఫీసులో ఉంచొచ్చు. గడువు దాటకముందే ఆ కుర్రాడు కొబ్బరికాయల డబ్బు తెచ్చి విడిపించుకున్నాడు. హార్మోనియం నేర్పే పుస్తకం, దాంతోపాటు ఒక చిన్న స్వరాల పట్టిక. మద్రాసులో ఆ పుస్తకం పంపిన కొట్టాయనకు ఇదేమీ తెలియదు. ఆయనకు చేరింది మనియార్డరు ఒక్కటే.

చదువు రానివాళ్ళకు రిజిస్టరు గానీ మనియార్డరు గానీ వస్తే ఇంకొంచెం తతంగం ఉండేది. మావయ్య డబ్బా మూత తీసి ఇంకు ప్యాడు బయటపెట్టేవాడు. ఎడమచేతి బొటనవేలు ప్యాడు మీద ఒత్తించి, కాగితం మీద ఒక్కసారి, జారకుండా, తానే పట్టుకుని వేయించేవాడు. పక్కన ఆ వేలిముద్ర ఫలానా ఆవిడదేనని చదువొచ్చిన ఒకరు సాక్షి సంతకం చెయ్యాలి. ఊళ్ళో మాస్టారో, కిళ్ళీకొట్టు కుర్రాడో. తరవాత ఆవిడ వేలిని తన తువ్వాలు కొసతో తుడిచేవాడు. ఆ కాగితం మీద ముగ్గురున్నారు: ఇచ్చినవాడు, పుచ్చుకున్నవారు, చూసినవాడు. గుడి రాయి మీద ఉన్న పద్ధతే ఇది, సిరాలో.

వీపీలో నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. అందులో రెండే స్థితులు. డబ్బు వచ్చిందంటే సరుకు అందినట్టు. కట్ట తిరిగొచ్చిందంటే అందనట్టు. ‘ఇచ్చాం అంటున్నారు, అందలేదంటున్నారు’ అన్న మూడో స్థితికి అందులో చోటు చాలా తక్కువ. కొన్నవాడు చేతిలో పెట్టిన డబ్బే రసీదు కాబట్టి. 1898 చట్టం 34వ సెక్షను కూడా ఇదే మాట మీద నిలబడింది: పుచ్చుకునేవాడి దగ్గర్నుంచి సొమ్ము చేతికి వచ్చేదాకా ఆ సొమ్ము తాలూకు బాధ్యత ప్రభుత్వానికి లేదు. పాకిస్థాన్‌లో ఉన్నవాళ్ళకు వీపీలు పంపి డబ్బు రాని ఒక వ్యాపారి వేసిన దావాలో సుప్రీంకోర్టు, తపాలా శాఖ పంపినవాడికి ఏజెంటు కాదని, అద్దెకు సరుకు మోసేవాడి లాంటిదీ కాదని తేల్చింది.

మరి మోసాలు జరగలేదా? జరిగాయి. అయితే వాటి తీరు వేరు. డబ్బు కట్టి విప్పితే లోపల రేడియో బదులు ఇటుక ముక్క. గడియారం బదులు చిత్తు కాగితాలు. ఉత్తరాది అడ్రసులతో వచ్చిన ప్రకటనలు నమ్మి పోగొట్టుకున్న కథలు మా తరంలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఇంకో పక్క, అడగనివాళ్ళకు వీపీలు పంపే వ్యాపారులు. ఇంట్లో పెద్దాయన లేనప్పుడు వస్తే, ఆయనే తెప్పించుకున్నారేమోనని ఆడవాళ్ళు డబ్బు కట్టేసేవారు. ఇవన్నీ చట్టం రాసినవాళ్ళకు ముందే తెలుసు. నిజంగా ఆర్డరు వచ్చిన మీదటే పంపుతున్నానని పంపేవాడు ప్రకటన ఇవ్వాలనీ, మోసం జరిగిన సందర్భాల్లో వసూలైన సొమ్మును ఆపి కొన్నవాడికి తిరిగి ఇవ్వొచ్చనీ నిబంధనలు చేసుకునే అధికారం 35వ సెక్షనులో పెట్టారు. వేలం సైటు నా డబ్బు ఆపినప్పుడు ఇదేదో కంప్యూటరు వచ్చాక పుట్టిన పద్ధతి అనుకునేవాళ్ళు ఈ సెక్షను చదవాలి.

విలువైన వస్తువులకు భీమా. దాని పద్ధతి చూస్తే ఆ రోజుల్లో ఎంత ఆలోచించారో అనిపిస్తుంది. గుడ్డలో కుట్టి, కుట్టు పొడవునా లక్క ముద్రలు. అన్నీ ఒకే ముద్ర, అదీ సొంతదారుది. కౌంటరు దగ్గర తూచి ఆ బరువు రసీదు మీద వెయ్యాలి. అవతల దిగినప్పుడు బరువు తేడా వచ్చినా, లక్క చెదిరినా పోస్టుమాస్టరు ఎదుట విప్పి, లోపల ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఇవాళ నేను మూట కట్టేటప్పుడు ఫోన్లో వీడియో తీస్తాను, తూకం వేసిన కాటా అంకెలు కనబడేలా. అది లక్క ముద్రకు నేను చేసుకున్న బదులు.

దారి గురించి ఒక్క మాట. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో హేవ్‌లాక్ వంతెన పడ్డాకే మద్రాసు కట్టలు నది దగ్గర ఆగకుండా రావడం మొదలైంది. కాకినాడ నుంచి మా ఊరి మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు, యుద్ధం వచ్చేసరికి 1940లో పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ 2004లో గానీ రైలు రాలేదు. మా ఊరి నుంచి నేరుగా అమలాపురం వైపు పోవాలంటే ఇప్పటికీ కోటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. ఇన్ని చేతులు మారినా, రేవులు దాటినా కట్ట చేరేది. ప్రతి చేతి మార్పు దగ్గరా ఒక జాబితా, ఒక సంతకం ఉండేవి మరి.

ఆన్‌లైన్ వేలం మన దేశానికి 2000లో బాజీ డాట్ కామ్ పేరుతో వచ్చింది. 2004లో అమెరికా ఈబే దాన్ని కొనుక్కుంది. వాళ్ళు పెట్టిన పైసాపే పద్ధతిలో కొన్నవాడు కట్టిన సొమ్ము మధ్యలో ఆగి, సరుకు చేరాక అమ్మినవాడికి వెళ్ళేది. నేను యానాం ముద్రలున్న పాత ఫ్రెంచి కవర్లు అమ్మడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. యానాం మాకు కూతవేటు దూరం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళది. ఆ చిన్న ఊరి ముద్ర పడిన కవర్లు తక్కువ కాబట్టి ఫ్రాన్సులో కూడా పాడేవాళ్ళుంటారు. 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడింది. ఈలోపు ఫ్లిప్‌కార్ట్ 2007లో పుట్టింది. దాని తొలి పుస్తకం వెళ్ళింది మన మహబూబ్‌నగర్‌కే. 2010లో వాళ్ళు వస్తువు చేతికొచ్చాక డబ్బు కట్టే పద్ధతి పెట్టినప్పుడు దేశమంతా కొత్త అనుకుంది. మా మావయ్య చేసిందదే.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ముందే డబ్బు కట్టే అలవాటు దగ్గర. 2016 తరవాత యూపీఐ వచ్చి ఫోన్లో డబ్బు పంపడం చిటికె అయింది. దాంతో గడప దగ్గర డబ్బు చేతులు మారడం తగ్గింది, డబ్బుతో పాటు ఉండే రసీదూ పోయింది. వీపీలో చోటు లేని ఆ మూడో స్థితి ఇక్కడ పుట్టింది. మూట తెచ్చే కుర్రాడు మూణ్ణెల్లకొకడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. రోజుకు ఇన్ని మూటలని లెక్క పెట్టి తరిమితే, గేటు దగ్గర ఎవరున్నారో కనుక్కునే తీరిక అతనికెక్కడిది? ఊరు తెలియని మనిషికి, ఊరిని తెలుసుకునే సమయం కూడా ఇవ్వకుండా, అప్పగించే పని ఇచ్చారు. అక్కడ జరగాల్సిన విచారణ కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య తగువుగా మారింది.

అమెరికాలో పద్ధతి మరీ వేరు. డాలస్‌లో ఉండే మనవాళ్ళకు పంపిన మూట గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోతారు. వాళ్ళ దృష్టిలో అది అందినట్టే. ఈబేలో అయితే, కొన్నవాడు, మూట చేరాల్సిన తేదీ దాటాక ముప్ఫై రోజుల్లోగా, ‘అందలేదు’ అని ఫిర్యాదు పెట్టొచ్చు. అమ్మినవాడు మూడు పనిదినాల్లో జవాబివ్వాలి. ఆ అడ్రసుకు చేరినట్టు ట్రాకింగు చూపిస్తే అమ్మినవాడికి రక్షణ. 750 డాలర్లు, ఆపైన అయితే మాత్రం సంతకం చూపించాలి. 750 డాలర్ల మూటకు మనిషి సంతకం కావాలని వాళ్ళకూ తెలుసు; ఇరవై డాలర్ల మూటకు అక్కర్లేదనుకున్నారు. నా కొనుగోలుదార్లలో ఎక్కువమంది ఇరవై డాలర్లవాళ్ళే.

ఫిర్యాదు వస్తే నేను చేసేది చెబుతాను. ఆ రోజే జవాబిస్తాను, మీ మాట విన్నాను, మూట ఎక్కడ ఆగిందో కనుక్కుంటున్నానని. పిన్‌కోడు, ఫ్లాటు నంబరు మళ్ళీ రాసి పంపమంటాను. సగం మూటలు అక్కడే దొరుకుతాయి, పక్క బ్లాకులో. వాచ్‌మన్ రిజిస్టరు చూడమంటాను. బుకింగు రసీదు, బరువు, వీడియో పట్టుకుని మోసినవాళ్ళకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తాను. పుచ్చుకున్న మనిషి పేరేమిటో చెప్పమని, ఆ ఒక్క ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతాను. పేరు చెప్పలేకపోతే అది అందనట్టే లెక్క అని నా నిర్ణయం. సైటు నియమం నా పక్షాన ఉన్నా సరే, కొన్నవాడికి డబ్బు తిరిగి ఇచ్చేస్తాను. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం చూస్తే, మోసేవాడికి అప్పగించడమే కొన్నవాడికి అప్పగించినట్టు అని వాదించే దారి ఉంది. ఆ చట్టం రాసిన రోజుల్లో మోసేవాడు ఎవరికిచ్చాడో చెప్పగలిగేవాడు.

లెక్చరరుగారి కట్ట దొరకలేదు. వాచ్‌మన్ రిజిస్టరులో ఆ రోజు ఆయన ఫ్లాటు పేరున ఏదీ లేదు. కొరియర్‌వాళ్ళ షరతుల్లో ఉన్న పరిహారం సంచికల విలువలో పావలా వంతు కూడా లేదు. ఆయన డబ్బు ఆయనకు పంపేశాను. “నష్టం మీకెందుకు బాబూ, సగం నేను భరిస్తాను” అన్నారాయన. ఒప్పుకోలేదు. ఆ సంచికలు ఇంకెవరి ఇంట్లోనైనా చదవబడుతుంటే బాగుండునని మాత్రం ఇద్దరం అనుకున్నాం.

1898 చట్టం ఇప్పుడు లేదు. 2023లో కొత్త తపాలా చట్టం చేశారు, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అందులోనూ నిబంధనల్లో ఒప్పుకున్న మేరకే బాధ్యత. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. పేరున్న మనిషికే ఇవ్వాలంటే రిజిస్ట్రేషను అని అదనంగా అయిదు రూపాయలు, పైన పన్ను. ఓటీపీ చెబితేనే ఇవ్వాలంటే దానికీ అయిదు రూపాయలు, పన్ను. నేను రెండూ కడుతున్నాను, యానాం కవరైనా, యాభై రూపాయల శతకమైనా. కొన్నవాళ్ళకు ముందే ఉత్తరం రాస్తున్నాను: ఓటీపీ వాచ్‌మన్‌కు ఫోన్లో చెప్పకండి, మీరే దిగి వెళ్ళి పుచ్చుకోండి, తెచ్చినాయన పేరు కనుక్కోండి.